మెమరీ చాలదు

యాసిన్ దొంగ కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే తెనాలి బోసురోడ్డులో ఫోటో స్టూడియో వాళ్ళని ఎవరిని కదిపినా "యాసినా? కంప్యూటర్లో మెమరీ కొట్టేశాడే, ఆయనేనా?" అనే మొదలుపెడతారు. మెమరీ అంటే ఏమిటో, అది వేలెడు ఉంటుందో గంపెడు ఉంటుందో తెలియనివాళ్ళు కూడా అంటారు. నోరుంది కదా, అనడానికి ఖర్చేముంది.

నా పేరు ప్రకాశం. పున్నారావు గారి స్టూడియోలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాను. రేపల్లె, నగరం, అమృతలూరు, ఎక్కడ మేళం మోగితే అక్కడికి కెమెరా భుజాన వేసుకుని పోతాను. నేను తీసుకొచ్చినవాళ్ళని చూడబుద్ధయ్యే మనుషులుగా మార్చడం యాసిన్ అన్న పని.

అన్న 1981లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, టచింగ్ పనికి చేరాడు. టచింగ్ అంటే ఆ రోజుల్లో నెగటివ్ మీద పెన్సిలుతో దిద్దడం. పెన్సిలు మొనని గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, భూతద్దం కింద నెగటివ్ పెట్టుకుని, మొటిమలు, గాట్లు, అమ్మవారు పోసిన మచ్చలు ఒక్కొక్కటే పూడ్చేవాడు. తెనాలిలో పెళ్ళిళ్ళ పేరయ్యలు కుదిర్చిన సంబంధాల కంటే యాసిన్ పెన్సిలు కుదిర్చినవే ఎక్కువని అందరం వేళాకోళం చేసేవాళ్ళం. "పెళ్ళయ్యాక మొగుడు తిట్టుకుంటే ఆ పాపం నాది కాదు, ఫోటో తీయించిన వాళ్ళ నాన్నది" అనేవాడు అన్న, తల ఎత్తకుండానే.

అయితే ఆయన పేరు బాపట్ల దాటి సముద్రం ఒడ్డు దాకా వెళ్ళింది పెళ్ళికూతుళ్ళ వల్ల కాదు, చచ్చిపోయినవాళ్ళ వల్ల. బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగని మనుషులు బోలెడుమంది. పోయాక, పాడె ఎత్తే ముందు, ఎవరో ఒకరు ఒక ఫోటో తీస్తారు. అందులో కళ్ళు మూసి ఉంటాయి. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి పటం కావాలి, కళ్ళు మూసుకున్న పటానికి దండ వేయడానికి ఎవరికీ మనసొప్పదు. అప్పుడు ఆ ఫోటో పట్టుకుని అన్న దగ్గరికి వచ్చేవాళ్ళు. మా పనిలో దాన్ని కళ్ళు తెరిపించడం అంటాం.

అందరూ పుస్తకాల్లోంచో, వేరే ఫోటోల్లోంచో ఏవో కళ్ళు తెచ్చి అతికిస్తారు. అన్న అలా చేసేవాడు కాదు. "తల్లి ఉందా? తోడబుట్టినవాళ్ళున్నారా?" అని అడిగేవాడు. వాళ్ళని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఏడ్చిన ఎరుపు తగ్గేదాకా ఆగి, వాళ్ళ కళ్ళు నాచేత ఫోటో తీయించేవాడు. వాటిని చిన్నవి చేసో, వయసు తగ్గించో, పోయినవాళ్ళకి పెట్టేవాడు. పరాయి కళ్ళు పెడితే పటంలోకి పరాయివాడే వస్తాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నిజమని నేను పదిసార్లు చూశాను.

1999లో స్టూడియోకి కంప్యూటర్ వచ్చింది. పున్నారావు గారు అన్నని పదిహేను రోజులు గుంటూరు పంపించి ఫోటోషాప్ నేర్పించారు. అప్పటికి వచ్చినది ఐదో వెర్షన్. అన్న పదో తరగతి తప్పాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు గానీ మాటలకి అర్థం తెలియదు. అందుకని అరవై పేజీల నోటు పుస్తకంలో తెలుగులో రాసుకున్నాడు: "మచ్చ పోవాలంటే, పైవరసలో ఆరోది, అందులో కింద నుంచి మూడోది. మెత్తబడాలంటే, అదే వరస, నాలుగోది, మళ్ళీ రెండోది." మొత్తం సాఫ్ట్‌వేర్‌ని ఆయన ఇలాగే, పైనుంచి ఎన్నోది, కింద నుంచి ఎన్నోది అని లెక్కపెట్టి కంఠస్థం చేశాడు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఆ లెక్క తప్పలేదు. చదువుకుని వచ్చినవాళ్ళు ఆయన పక్కన కూర్చుని ఆ చేతిని చూసి నోరు తెరిచేవాళ్ళు.

2008 వేసవిలో పున్నారావు గారి మేనల్లుడు సుమన్ విజయవాడలో ఏదో కోర్సు పూర్తిచేసి స్టూడియోలోకి దిగాడు. దిగిన వారానికే పాత కంప్యూటర్‌ని మార్పిడికి ఇచ్చేసి కొత్తది తెప్పించాడు. అందులో కొత్త వెర్షన్. ఆ వెర్షన్‌లో వరసలన్నీ జరిగిపోయాయి. అన్న అలవాటు ప్రకారం ఆరోది, కింద నుంచి మూడోది నొక్కితే, అమృతలూరు పెళ్ళికూతురి మొహం రాతిబొమ్మలా అయి కూర్చుంది. సుమన్ పగలబడి నవ్వి నలుగురినీ పిలిచి చూపించాడు.

ఆ సాయంత్రం పున్నారావు గారు అన్నని పిలిచారు. "నెల చూస్తాను యాసిన్. కొత్తది చేతికి వస్తే సరే. రాకపోతే ఏం చేద్దామో నువ్వే చెప్పు" అన్నారు. ఏం చేస్తారో అందరికీ తెలుసు. నలభై ఆరేళ్ళ వయసు, ఇంట్లో భార్య, ఇంటర్ చదివే కూతురు నగ్మా. ఇంకో పని రాదు. అన్న ఒక్కటే కోరాడు: తన పాత ఐదో వెర్షన్ సీడీ ఇంట్లో గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది, దాన్ని కొత్త కంప్యూటర్లో ఎక్కిస్తే చాలు, పని ఆగనివ్వను అని.

సుమన్ ఎక్కించాడు. ఎక్కడం బాగానే ఎక్కింది. తెరవబోతే తెరవలేదు, చిన్న పెట్టెలో ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. సుమన్ దాన్ని గట్టిగా చదివి, "మెమరీ చాలదంటండి. తమరి సంగతా, దాని సంగతా?" అన్నాడు. పున్నారావు గారు నవ్వారు. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దాచడం ఎందుకు.

చాలకపోతే ఇంకొకటి వేయించమన్నారు పున్నారావు గారు. మెమరీ అనేది కంప్యూటర్ డబ్బాలో గుచ్చే వేలెడు పచ్చబద్ద. కొత్తదానిలో అప్పటికే రెండున్నాయి, మూడోది తెచ్చి గుచ్చారు. మళ్ళీ అదే ముక్క వచ్చింది. "చూశారుగా మామయ్యా, అది ఎప్పుడో చచ్చిపోయింది. ఈయనే మోసుకు తిరుగుతున్నాడు" అన్నాడు సుమన్. పున్నారావు గారికి విసుగొచ్చింది. ఇక మీదట ఆ డబ్బా మూత సుమన్ తప్ప ఇంకెవరూ తీయడానికి వీల్లేదని, తీసినవాడు ఇంటికి పోవచ్చని చెప్పేశారు.

ఆ వారమే సూర్యలంక నుంచి వీరరాఘవమ్మ వచ్చింది. సముద్రంలో చేపల వేటకి పోయిన కొడుకు మూడో రోజున శవమై ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఉన్నది ఒకటే ఫోటో, ఇసుక మీద తీసినది. శనివారం పెద్దకర్మ. బాపట్లలో అడిగితే, కళ్ళు తెరిపించేవాడు తెనాలిలో ఉన్నాడని పంపించారట. ఆ పని సుమన్ తీసుకున్నాడు. మొహం ఉబ్బు తగ్గించాడు, చొక్కా తొడిగాడు, ఎవరివో చక్కని కళ్ళు తెచ్చి పెట్టాడు. పని శుభ్రంగానే ఉంది. గురువారం ఆమె వచ్చి ఆ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈ బాబెవరండీ?" అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. వేరేవాళ్ళది పొరపాటున ఇచ్చారనుకుంది పాపం.

అన్న లేచి వచ్చి ఆమెని బల్ల మీద కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. గంట తరవాత ఆమె కళ్ళు నాచేత తీయించాడు. "రేపు పొద్దుగూకేలోపు ఇస్తానమ్మా" అన్నాడు. ఏ ధైర్యంతో అన్నాడో నాకు అర్థం కాలేదు. ఆమె వెళ్ళగానే ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, రేపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే అంద్రెయకి ఫోన్ చేశాడు. అంద్రెయ ఒకప్పుడు మా పాత కంప్యూటర్‌కి రిపేర్లు చేసినవాడు. విషయమంతా విని నవ్వాడట. "బాబాయ్, దానికి మెమరీ తక్కువై కాదు, ఎక్కువై ఆ మాటంటుంది. అది పుట్టిననాటికి ఇంత మెమరీ ఎక్కడుంది? సోలతో కొలిచేవాణ్ణి తీసుకెళ్ళి గాదె ముందు నిలబెడితే లెక్క తేలక చేతులెత్తేయడా? ఒక్కటుంచి రెండు పీకెయ్. అదే లేస్తుంది" అన్నాడట.

శుక్రవారం పున్నారావు గారు, సుమన్ కలిసి బాపట్ల వెళ్ళారు. అక్కడ ఒక బ్రాంచి పెట్టాలని గది చూడడానికి. ఆ బ్రాంచి నాకే అప్పగిస్తానని పున్నారావు గారు అప్పటికి రెండుసార్లు అన్నారు. మధ్యాహ్నం నమాజు చేసుకుని అన్న వచ్చేసరికి కరెంటు కోత మొదలైంది. గదంతా చీకటిగా ఉంది. అన్న బల్ల కింద దూరి డబ్బా మూత తీస్తూ, "ప్రకాశం, కాస్త లైటు పట్టు" అన్నాడు. నేను నా సెల్లు లైటు వేసి పట్టుకున్నాను. ఆ రెండు బద్దలు ఆయన తీసిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. తడి నెగటివ్ పట్టుకున్నట్టు అంచులు మాత్రమే పట్టుకున్నాడు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఐదో వెర్షన్ మారాం చేయకుండా తెరుచుకుంది. అన్న మొహం అంత వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆరోది, కింద నుంచి మూడోది, నాలుగోది, రెండోది అని పెదాలు కదుపుతూ రెండున్నర గంటల్లో పని పూర్తి చేశాడు. వీరరాఘవమ్మ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. పటం చేతిలోకి తీసుకుంది. కొంగుతో ఒకసారి తుడిచి, "కుడికన్ను కూసింత చిన్నదని నీకెట్టా తెలిసిందయ్యా, నేను చెప్పలేదే" అంది. ఆమెకీ కుడికన్ను చిన్నదే. ఆ సంగతి ఆమెకి తెలియదు.

మళ్ళీ గుచ్చేద్దాం అన్నాను నేను, బద్దలు చూపించి. "ఎందుకు? పొద్దున్నే పున్నారావు గారు రాగానే నేనే చెప్తా. తెరిచి చూపిస్తా. ఇక గొడవే ఉండదు" అన్నాడు అన్న. సొరుగులకి తాళాల్లేవు, తెల్లారి ఊడ్చేవాళ్ళు ఏది ఎక్కడ పారేస్తారో తెలియదు. అందుకని రెండు బద్దల్నీ నెగటివ్‌లు పెట్టే కాగితపు కవరులో పెట్టి, చొక్కా జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాడు. ఆయన జన్మలో చేసిన తప్పు ఇదొక్కటే. మంచివాడు ఏం చేసినా ఫరవాలేదు గానీ, అతిజాగ్రత్త మాత్రం పడకూడదు.

శనివారం పొద్దున్న అన్న కంటే ముందు సుమన్ వచ్చాడు. కంప్యూటర్ వేయగానే మెమరీ మూడు చూపించాల్సింది ఒకటే చూపించింది. మూత తీశాడు. కేకేశాడు. అన్న వచ్చేసరికి గుమ్మంలో పున్నారావు గారు, లోపల పాస్‌పోర్టు ఫోటోల కోసం వచ్చిన ఐదారుగురు.

"యాసిన్, దీనిలో మెమరీ నువ్వు తీశావా?"

"తీశానండి. ఇదిగో, నా దగ్గరే ఉంది" అని అన్న నవ్వుతూ జేబులోంచి కవరు తీశాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. ఏ దొంగైనా దొరికిపోయాక అలాగే నవ్వుతాడు అనుకున్నారు.

"ఎందుకు తీశావు?"

"ఎక్కువైందండి. మెమరీ ఎక్కువైతే చాలదంటుందండి."

పున్నారావు గారు చుట్టూ ఉన్నవాళ్ళని చూశారు. "ఎక్కువైతే చాలదంటుందా? అన్నం ఎక్కువైతే ఆకలేస్తుందేంటయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. నిజం చెప్పడంలో ఇబ్బంది ఇదే. అబద్ధమైతే మనకి అనువుగా కల్పించుకోవచ్చు. నిజం ఎంత వంకరగా ఉంటే అంత వంకరగానే చెప్పాలి.

"వేసి చూపిస్తానండి, ఒక్క నిమిషం" అన్నాడు అన్న. సుమన్ అడ్డం నిలబడ్డాడు, ముట్టుకోవద్దని. "పోనీ రేపల్లె అంద్రెయని అడగండి, ఆయనే చెప్పాడు" అన్నాడు. అది ఇంకా చెడింది. "పాత సామాన్లు కొని అమ్ముతాడు, ఆ అంద్రెయేనా? అయితే బేరం కూడా కుదిరిందన్నమాట" అన్నాడు సుమన్.

అప్పుడు అన్న నా వైపు చూశాడు. నా పేరు ఎత్తలేదు. చూశాడంతే. లైటు పట్టుకున్నానని ఒక్క మాట అంటే చాలు. అంటే మూత తీసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బాపట్ల బ్రాంచి పోతుంది, ఉన్న పనీ పోతుంది. నేను కెమెరా లెన్సు విప్పి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. శుభ్రంగా ఉన్న లెన్సుని అంతసేపు ఎవరూ తుడిచి ఉండరు.

"పోలీసుల దాకా పోను. ఇరవై ఏడేళ్ళు నా దగ్గర చేశావు. వెళ్ళిపో" అన్నారు పున్నారావు గారు. ఊరంతా ఆయన మంచితనాన్ని మెచ్చుకుంది. దొంగ కాదని తేలాలంటే విచారణ జరగాలి. క్షమించేశాక విచారణేముంటుంది? దయ చూపించి మనిషిని దొంగని చేయడం పెద్దమనుషులకే చేతనవుతుంది.

తెనాలిలో ఏ స్టూడియో ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. దానికి కూడా ఓర్చుకునేవాడు. కాలేజీలో పిల్లలు నగ్మాని మెమరీ కార్డు అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఒకరోజు ఇంటికి వచ్చి, "తీస్తే తీశావు, జేబులో ఎందుకు పెట్టుకున్నావు అబ్బా?" అని తండ్రిని అడిగిందట. అన్న అదే చెప్పాడు, ఎక్కువైతే చాలదంటుందని. లెక్కలు చదివే పిల్ల. "అలా ఎక్కడైనా ఉంటుందా? నాకు కూడా ఇదే చెప్తావా?" అందట. ఆ తరవాత ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఈ సంగతి ఆయన భార్య మార్కెట్లో నాకు కనబడి చెప్పి ఏడ్చింది. నేను ఓదార్చాను. ఓదార్చడం వరకు నాకు బాగా వచ్చు. రెండు నెలల్లో వాళ్ళు రేపల్లె వెళ్ళిపోయారు, అన్న వాళ్ళ అన్నయ్య ఇస్మాయిల్ టైలర్ షాపుకి.

బాపట్ల బ్రాంచి సుమన్‌కి ఇచ్చారు. అది చెప్పడం మర్చిపోయాను. నాకు అలా జరగాల్సిందే.

మరుసటి ఏడు పాత ఫైళ్ళు అవసరపడ్డాయి. అన్న తొమ్మిదేళ్ళు చేసిన పటాలు, వాటి కింద తెలుగు అక్షరాలు. కొత్త వెర్షన్‌లో తెరిస్తే అక్షరాలన్నీ కోడిగీతలయ్యాయి. గుంటూరు నుంచి మెకానిక్‌ని పిలిపించారు. అతను ఐదో వెర్షన్ నొక్కాడు, మెమరీ చాలదన్న ముక్క చూశాడు, మారు మాట్లాడకుండా మూత తీసి రెండు బద్దలు పీకి బల్ల మీద పెట్టాడు. వెర్షన్ తెరుచుకుంది. అక్షరాలు అక్షరాల్లా కనబడ్డాయి.

"అదేంటి, తీసేస్తే వచ్చిందేంటి?" అన్నారు పున్నారావు గారు.

"ఎక్కువైతే అంతేనండి, చాలదంటుంది. పాతవాటితో ఉన్నదే కదండి" అన్నాడు అతను, టీ తాగుతూ.

పున్నారావు గారు ఓహో అన్నారు. అంతే. "ప్రకాశం, ఆ చిప్పులు బీరువాలో పెట్టు" అన్నారు. యాసిన్ అన్నకి కబురు పెడదామాండి అని అడిగాను. ఏడాదికి నాకు నోరు పెగిలింది. "ఇప్పుడెందుకు? అయిపోయిందేదో అయిపోయింది. పిలిస్తే మనమే తప్పు చేశామని ఊళ్ళో అనుకోరూ?" అన్నారు. ఊళ్ళో యాసిన్‌ని దొంగ అనుకుంటున్నారు, దానితో ఆయనకి పేచీ లేదు.

ఆ ఆదివారం రేపల్లె పాసింజరు ఎక్కాను. టైలర్ షాపు అరుగు మీద అన్న కాజాలు కుడుతున్నాడు. చేతి కింద సూది అదే ఒడుపుతో కదులుతోంది. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి స్టూలు జరిపాడు. మెకానిక్ సంగతి మొత్తం చెప్పాను. గొప్ప శుభవార్త మోసుకొచ్చినవాడిలా చెప్పాను, సిగ్గు లేకుండా.

అన్న దారం కొరికాడు. "ఇది నాకు చెప్పడానికి వచ్చావా? నాకు తెలియంది ఏముంది ఇందులో?" అన్నాడు. సూదిలో మళ్ళీ దారం ఎక్కిస్తూ, "నగ్మాకి చెప్పు. నేను చెబితే నమ్మలేదు" అన్నాడు. లోపలికి కేకేశాడు.

నగ్మా టీ గ్లాసులతో వచ్చింది. తండ్రి పక్కన కాకుండా గుమ్మం దగ్గర నిలబడింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండు బద్దలు తీయగానే తెరుచుకోవడం, మెకానిక్ అన్న మాట. ఆ పిల్ల తండ్రి వైపు చూడబోయి చూడలేకపోయింది.

"అయితే అబ్బా చెప్పింది నిజమే" అంది. మళ్ళీ, "ఆ రోజు అబ్బా తీస్తుంటే చూసినవాళ్ళు ఒక్కరు కూడా లేరా బాబాయ్? ఒక్కరు చెప్పినా సరిపోయేది కదా" అంది.

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచానని ఇప్పుడు ప్రమాణం చేసినా ఎవరు నమ్ముతారు? నా కంటే ముందు అన్న అందుకున్నాడు. తల ఎత్తలేదు, సూది ఆపలేదు.

"ఎవరూ లేరమ్మా. కరెంటు లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను."

అది నా మీద జాలితో అన్నాడో, అసహ్యంతో అన్నాడో నేను అడగలేదు. నగ్మా అవునా అన్నట్టు నా మొహం చూసింది. నేను తలూపాను. తలూపి, ఆ పిల్ల ఇచ్చిన టీ తాగాను.